ఉత్త నీళ్లే మామా

నా చిన్నప్పుడు మా వీధిలో మగ్గం చప్పుడు లేని ఇల్లు ఒక్కటే ఉండేది. అది మా పక్కిల్లు. అందులో లారీ నడిపే ఒకాయన భార్యతో, ఇంకా పాలు మరవని బిడ్డతో కిరాయికి ఉండేవాడు. ఆయన మాకు చుట్టం కాదు, మా కులమూ కాదు. అయినా నేను ఆయన్ను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఆముదాల బస్తాలు ఎత్తుకుని భువనగిరి మిల్లుకు చేర్చడం ఆయన పని. లారీ భువనగిరి సేఠుది. పని ముగిశాక దాన్ని మా వీధి మొదట్లో నిలిపేవాడు.

ఆ లారీ రేడియేటరులో నీళ్లు పోసే పని నాది. నేనే బతిమాలి తీసుకున్నాను. ఆ ఎండాకాలం రేడియేటరు అడుగున సన్నటి చీలిక పడి, నీళ్లు చుక్కచుక్కగా కారిపోవడం మొదలైంది. నిండా పోసినా తెల్లారేసరికి సగం ఉండేవి కావు. అతుకు వేయించమని మామ ఎన్నిసార్లు అడిగినా, బండి ఆగితే కిరాయి పోతుందని సేఠు ఒప్పుకోలేదు. నీళ్లు పోసుకుంటూ నడపమన్నాడు. ఇంజనుకు ఏమైనా అయితే మాత్రం తాళంచెవి అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నాడు. ఈ సంగతి మామ మా నాయినతో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. అత్త గడపలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా వింటున్నది.

నాకు తోచిన ఉపాయం నేతవాడి కొడుక్కే తోచేది. మా వాళ్లు పడుగు పోగులను వీధి పొడుగునా సాచి, కుంచెతో గంజి పట్టించేవారు. గంజి పట్టిన పోగు గట్టిపడుతుంది, లేచిన నూగు అణిగిపోతుంది. కుండకు బీట వారితే మా అవ్వ కూడా గంజి ముద్దే మెత్తేది. దారాన్నీ కుండనూ నిలబెట్టేది రేడియేటరును నిలబెట్టదా అనుకున్నాను. ఒక సాయంత్రం పడుగుకు పెట్టగా మిగిలిన చిక్కటి గంజిని కుండతో తెచ్చి నీళ్లతో కలిపి పోశాను. ఎవరికీ చెప్పలేదు. ఫలితం చూపించి మరీ చెప్పాలన్నది నా ఆశ.

మర్నాడు పొద్దున లారీ కింద నేల పొడిగా ఉంది. మామ వంగి, చేత్తో తడిమి చూసి నవ్వాడు.

“ఏందిరా అల్లుడా, పుండు మానినట్టు మానింది! నీది డాక్టరు చెయ్యిరా. గీ బండి దవాఖానకు పోకుండనే బాగైంది.”

ఆ మాటకు నేను పొంగిపోయాను. బడి లేని రోజు కావడంతో నన్ను కూడా ఎక్కించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చెబుదామని గంజి సంగతి కడుపులో దాచుకున్నాను.

నిండు బస్తాలతో ఒక మిట్ట ఎక్కుతుండగా రేడియేటరు మూత సందులోంచి ఆవిరి బుస కొట్టింది. మామ వెంటనే రోడ్డు పక్కన ఒక బావి దగ్గర ఆపాడు. వంగి చూస్తే కింద చుక్క కారడం లేదు. పంకా బెల్టు బిగువుగానే ఉంది. అరచెయ్యి రేడియేటరు పైభాగానికి ఆనించబోయి చటుక్కున తీసేశాడు. కింది భాగానికి ఆనించి, అక్కడే కాసేపు ఉంచాడు.

“పైన కాలుతాంది, కింద సల్లగుంది. నీళ్లు కిందికి దిగుతలేవురా. లోపట అడ్డమన్న పడి ఉండాలె, పంపన్న పోయి ఉండాలె. అడ్డమైతే గీ బాయికాడనే నల్లా ఇప్పి కడుక్కుందం. పంపైతే ఈడ చేసేదేం లేదు, నిమ్మలంగ భువనగిరి దాక గుంజాలె.”

తర్వాత నా వైపు తిరిగాడు.

“నీళ్లు గాక ఇంకేమన్న పోసినవా? పోస్తె చెప్పు, నేనేమన.”

“లేదు మామా. ఉత్త నీళ్లే.”

భయంతో అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన కొట్టే మనిషి కాదని నాకు తెలుసు. పొద్దున దొరికిన మెప్పును పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన రెండోసారి అడగలేదు. నా మాట నమ్మి, పోయింది పంపే అని తేల్చుకున్నాడు.

ఇంజను చల్లారాక తడి గోనె కప్పి మూత తీశాడు. బావి నీళ్లు తోడి పోశాడు. అక్కడి నుంచి నడుపుతూ, ఆపుతూ, చల్లారుస్తూ పోయాం. ఆగిన ప్రతిచోటా చెబుదామనుకున్నాను. కదలగానే, ఇంకెంత దూరం, చేరిపోతాంలే అనుకున్నాను. భువనగిరి కోట గుట్ట కనబడే చోటికి వచ్చేసరికి ఇంజను పెద్దగా మూలిగి పట్టేసింది. ఆ తర్వాత ఎంత తిప్పినా కదలలేదు.

మామ దిగి రేడియేటరు అడుగున ఉన్న నల్లా విప్పాడు. నీళ్లు రాలేదు. ఇనుప తీగతో పొడిస్తే తెల్లటి ముద్ద జారి ఆయన వేళ్ల మీద పడింది. వాసన చూశాడు. మా వీధిలో కాపురమున్న మనిషికి అదేమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

కబురు అందుకుని సేఠు వచ్చాడు.

“గంజి పోస్తరా దీంట్ల? ఇది బండా, బర్రెనా?”

“కారుతాంటె నేనే పోసిన సేఠ్,” అన్నాడు మామ. అడగకముందే తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

తిరిగి వచ్చే బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. నా పేరు చెప్పకుండా కాపాడినవు మామా అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

“నీ కోసం కాదు. పోరని చేతికి బండి ఇడిసినవా అని ఇంకిన్ని తిట్లు తింటుంటి.” మళ్లీ అన్నాడు: “పోసినందుకు కోపం లేదు. తెల్వక పోసినవు. బాయికాడ అడిగిన గద.”

ఆ రెండు మాటల్లో దేని చివరా అల్లుడా అని లేదు.

చుట్టుపక్కల ఇంకెవరూ ఆయన చేతికి బండి ఇవ్వలేదు. కొన్నాళ్లకు ఇల్లు ఖాళీ చేసి, ఆత్మకూరు వైపు అత్త పుట్టింటి వాళ్ల దగ్గరికి కూలికి పోయారు. సామాను ఎత్తే రోజు నాయిన సాయం పట్టాడు. నేను మగ్గం గుంటలో దిగి కూర్చున్నాను. అత్త పోతూ పోతూ నన్ను పిలిచింది, పలకలేదు. నాయిన చనిపోయేదాకా అసలు సంగతి ఆయనకు చెప్పలేదు.

పెద్దయ్యాక నా బిడ్డకు జ్వరం ముదిరి దవాఖానకు తీసుకుపోయాను. అంతకు ముందు ఎవరో ఇచ్చిన పసరు తాగించి ఉన్నాను. ఇంకేమైనా ఇచ్చారా అని డాక్టరు అడిగితే, నా నోరు లేదనేసింది. గది దాటి వచ్చినవాణ్ణి వెనక్కి తిరిగాను. మళ్లీ లోపలికి పోయి, అందరి ముందూ ఉన్నది చెప్పాను. బిడ్డ బతికింది.

ఇది గొప్ప కోసం రాయడం లేదు. ఇంత వయసు వచ్చినా, ఎవరేమడిగినా నా నోట మొదట వచ్చేది ఆ ‘లేదు’ అన్న మాటే. వెనక్కి తిరిగి వెళ్లి దాన్ని దిద్దుకోవడం ఒక్కటే నేను నేర్చుకున్నది. అదైనా మామ బతుకు పాడుచేసి నేర్చుకున్నాను.