పంచాంగం మూటలో కౌబాయ్

ప్రొద్దుటూరులో బడిపంతులుగా కొత్తగా చేరిన రోజుల్లో నాకు ఇంగ్లీషు కౌబాయ్ బొమ్మల పుస్తకాల పిచ్చి. పాత కాగితాల అంగళ్లలో ఏరి తెచ్చి, ఎర్రగుడ్డలో కట్టి దాచేవాణ్ణి. పురోహితుడైన మా నాన్న పంచాంగం మూటా ఎర్రగుడ్డే.

ఉగాదినాడు పులివెందుల గుడిలో పంచాంగ శ్రవణం. జనం ముందు నాన్న మూట విప్పారు. లోపల పిస్తోలు పట్టిన గుర్రపు రౌతు! మూటలు మారిపోయాయని పక్కనే కూర్చున్న నాకు అప్పుడు తెలిసింది. నాన్న మాత్రం తొణకలేదు. పుస్తకం ఒళ్ళో పరుచుకుని, పేజీలు తిప్పుతూ, పన్నెండు రాశుల ఫలాలూ కంఠతా చెప్పేశారు. ఎవరికీ అనుమానం రాలేదు.

తిరుగు బస్సులో నేను తల ఎత్తలేదు. నాన్నే అడిగారు: "ఏమిరా, కడాకు ఆ గుర్రమోడు బతికినాడా, ల్యాదా? ఆఖరి పేజీ యాడ పోయిందిరా?"

ఇప్పుడు నా దగ్గర రెండు బీరువాల పుస్తకాలున్నాయి. ఎవరొచ్చినా, ఆఖరి పేజీ లేని ఆ పుస్తకాన్నే ముందు చూపిస్తాను.