అలాగే గారి గ్రాంటు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. ఊరు దాన్ని ఎప్పుడో మర్చిపోయింది. ఎవరేమన్నా "అలాగే" అనేవాడు కాబట్టి అలాగే గారయ్యాడు. ఆయన రంగుల డబ్బాల కొట్లో అరువడిగినా అలాగే, ఆ అరువు ఇప్పట్లో తీర్చలేమన్నా అలాగే. ఇంతకంటే వాటమైన మనిషి ఎక్కడ దొరుకుతాడని పెద్దలంతా కలిసి ఆయన్ని గ్రామాభివృద్ధి సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. పాపం, ఆయన దాన్ని గౌరవమనుకున్నాడు. వాళ్లమ్మ మాత్రం అనుకోలేదు.

"నువ్వు గొప్పోడివని కూర్చోబెట్టలేదురా ఆ కుర్చీలో, అడ్డం చెప్పవని కూర్చోబెట్టారు," అంది.

"అలాగేలే అమ్మా," అన్నాడు.

ఇంతలో పక్క ఊరికి గ్రాంటు మీద సమావేశ భవనం వచ్చింది. గుమ్మం పక్కన రాతిపలక, దాని మీద ఆ ఊరి అధ్యక్షుడి పేరు. అది చూసొచ్చిన దగ్గర్నుంచీ అలాగే గారికి కంటిమీద కునుకు లేదు. ఆరా తీస్తే, ఆ గ్రాంటు తెప్పించింది ఒక కన్సల్టెంటని తెలిసింది. సంఘం ఎగిరి గంతేసి ఆయన్నే కుదుర్చుకుంది.

కన్సల్టెంటు నలగని చొక్కాలో కారు దిగాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఒక్క వీధి నడిచాడు. ఆరోగ్య కేంద్రం బోర్డు ముందు ఠక్కున ఆగిపోయాడు.

"ఇదేంటండీ! మీ ఊళ్లో ఆసుపత్రి ఉందా?" అన్నాడు, దొంగసొత్తు పట్టుకున్నట్టు.

"ఆసుపత్రంటే... ఒక గది, ఒక సిస్టరు. అంతేనండి," అని అలాగే గారు సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"అదేనండీ కొంప ముంచేది! గ్రాంటిచ్చేది వెనకబడిన ఊళ్లకి. తనిఖీ వాళ్లొచ్చేసరికి ఈ గది ఇక్కడ ఉండకూడదు."

చూశారా మహానుభావుడి తెలివి! ఊరిని బాగుచేయమని పిలుచుకొస్తే, ఊళ్లో బాగున్నది ఏదో వెతికి మరీ పట్టుకున్నాడు.

ఆ గదిలో ఒక బల్ల, స్టీలు ట్రే, కత్తెర మరగబెట్టే గిన్నె, ఎప్పుడూ పోని డెట్టాలు వాసన. అలాగే గారి తల్లికి చక్కెర జబ్బు, మడమ మీద మానని పుండు. సిస్టరు రోజూ పొద్దున్నే దాన్ని కడిగి, మందు పెట్టి, కట్టు మార్చేది. "ఒక్క పూట మానేశారంటే ఈ కాలు మీది కాదు పెద్దమ్మా," అని నవ్వుతూనే బెదిరించేది. ఆ కాలు దక్కాలంటే ఆ గది ఉండాలి. కొడుక్కి ఆ సంగతి తెలియక కాదు.

తెలిసే, తన కొట్లోంచి తెల్లరంగు డబ్బా తెచ్చి బోర్డుకు పూయించాడు. అక్షరాలు లోపల్నుంచి కనబడుతుంటే మళ్లీ పూయించాడు. సిస్టరును సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లమన్నాడు.

"మరి పెద్దమ్మగారి కట్టో?" అందామె.

"రెండ్రోజులేగా సిస్టరమ్మా, ఇంట్లోనే మార్చుకుంటాం."

ఆ సాయంత్రం టీ తాగడానికి ఇంటికొచ్చిన కన్సల్టెంటు, మంచం మీంచి వేలాడుతున్న ముసలమ్మ కాలు చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అబ్బ, చాలా బాగుందండీ ఇది!" అన్నాడు. పుండును చూసి బాగుందన్న మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "తనిఖీ వాళ్లకి అమ్మగారినే చూపిద్దాం. అప్పటిదాకా కట్టు మార్చకండి. మాసిన గుడ్డ, నాలుగు ఈగలు... ఇక మనం నోరు విప్పక్కర్లేదు."

అలాగే గారు తల్లి వైపు చూశాడు. రాతిపలక గుర్తొచ్చింది కాబోలు, "అలాగేనండి," అన్నాడు. ఛీ!

"నీ పలక కోసం నా కాలికి ఈగల్ని పిలుస్తావట్రా?" అంది తల్లి. అయినా కూర్చుంది. కన్నందుకు కూర్చుంది.

తనిఖీ వాళ్లు రేపన్నారు, ఎల్లుండన్నారు, పై వారమన్నారు. కట్టు అలాగే ఉంది. చివరికి వచ్చి, చుచ్చుచ్చు అని, కాలికి ఫొటో తీసుకుని, అలాగే గారి చేత కాగితాల మీద సంతకం పెట్టించుకుని వెళ్లారు.

గ్రాంటు మంజూరైంది. సంఘం చంకలు గుద్దుకుంది. వచ్చిన మొదటి విడత, ప్రజలు అభివృద్ధిలో ఎలా పాల్గొనాలో నేర్పే శిక్షణకి పోయింది. నేర్పినవాడు కన్సల్టెంటే. భవనం సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఈలోగా, ఊళ్లో ఆసుపత్రి లేదన్న తనిఖీ నివేదిక ఆరోగ్యశాఖ వాళ్ల కంటపడింది. ఆసుపత్రి లేని ఊళ్లో నర్సెందుకని, ఇంకా సెలవులోనే ఉన్న సిస్టరును అట్నుంచటే ఎక్కడికో బదిలీ చేశారు. అలాగే గారు పరుగెత్తుకెళ్లి అధికారి కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఉందండీ, మా ఊళ్లో ఆసుపత్రి ఉందండీ!"

"లేదని సంతకం పెట్టింది తమరే కదా?" అన్నాడు అధికారి.

పుండు నల్లబడింది. జ్వరం పట్టుకుంది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి చేయి దాటిపోయింది. ప్రాణం దక్కాలంటే తప్పదని మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఆ వార్డులో తల్లి మంచం పక్కన కూర్చుని ఉండగా ఫోను మోగింది. కన్సల్టెంటు మహా హుషారుగా ఉన్నాడు. గొంతు మంచం దాకా వినబడుతోంది.

"శుభవార్తండీ! మీ ఊళ్లో ఇప్పుడు నిజంగానే ఆసుపత్రి లేదు కదా, దానికీ ఒక గ్రాంటుంది. అమ్మగారి కాలు ఫొటో ఇంకోటి కావాలి."

"ఆ కాలు లేదండీ," అన్నాడు అలాగే గారు. "తీసేశారు."

అవతల ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అయ్యయ్యో. అయితే ఆ మొండి కాలే ఫొటో తీద్దాం, ఇంకా బలంగా ఉంటుంది. రేపు ఫొటోగ్రాఫర్ని పంపిస్తాను. అలాగేనా?"

అలాగే గారి నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. తల్లి దుప్పటి సర్దుకుని కొడుకు మొహంలోకి చూసింది.

"చెప్పరా, అలాగేనని," అంది. "ఇంకో కాలుందిగా."