మనోడు తిరిగిన ఊళ్ళు

అక్కకి బాగా తెలిసిన ఊళ్ళు రెండు. ఒకటి తను పుట్టి పెరిగినది. రెండోది కంప్యూటర్లో ఉండేది. మొదటి ఊళ్ళో ఆమె నడిచిన వీధులు తక్కువ: ఇంటి నుంచి కళ్ళజోళ్ళ దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి. రెండో ఊళ్ళో ఆమెకి తెలియని సందు లేదు. ఆవిరి పడవ రేవులో ఎక్కడ ఆగుతుందో, మూలికలమ్మే ముసలమ్మ ఏ మెట్ల కింద కూర్చుంటుందో, ఏ వంతెన దగ్గర దొంగలు కాచుకుని ఉంటారో ఇప్పుడడిగినా చెబుతుంది. "అక్కడ ఎప్పుడూ సాయంత్రమే," అంటుంది. "దీపాలు అప్పుడే వెలిగించినట్టుండేది." ఆ కంప్యూటరు పాడై చాలా ఏళ్ళయింది.

ఆమెని అందరూ అక్క అనే పిలుస్తారు. తమ్ముడు అలా పిలుస్తాడు గనక వీధికీ అదే అలవాటైంది. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అంటే తమ్ముడు నవ్వేవాడు. దుకాణం వాళ్ళ నాన్న పెట్టినది. ముందు గదిలో గాజు బీరువాలు, కౌంటరు, దాని వెనక ఒక తిరిగే కుర్చీ, ముందు బేరానికొచ్చినవాళ్ళకి ఇంకో కుర్చీ, ఎదురుగోడకి పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా వరసలున్న అట్ట. కర్టెన్ వెనక ఇంకో గది. అందులో సానరాయి, నీళ్ళ డబ్బా, మెడ వంచిన దీపం. ముందు గది తమ్ముడిది, వెనక గది అక్కది.

చిన్నప్పుడు కొత్తవాళ్ళ ముందు అక్కకి మాట మొదట్లోనే ఆగిపోయేది. తొలి అక్షరం నోట్లో బిగుసుకుపోయి, మొహం ఎర్రబడేది. చూసేవాళ్ళు జాలిపడి ఆ మాటేదో వాళ్ళే అందించేవాళ్ళు. వాళ్ళు అందించే మాట ఒక్కసారీ ఆమె చెప్పబోయిన మాట అయ్యేది కాదు. అయినా తల ఊపి ఊరుకునేది. నాన్న ఆమెకి అద్దాలు సాన పట్టడం నేర్పి వెనక గదిలో కూర్చోబెట్టాడు. అద్దంతో మాట్లాడక్కర్లేదు. నాన్న పోయాక కూడా ఆ ఏర్పాటు అలాగే ఉండిపోయింది. తమ్ముడికి నోరుంది. కరెంటు స్తంభానికైనా కళ్ళజోడు తగిలించి పంపుతాడని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయడం అక్క పని. తడిరాయి మీద అంచుని ఆనించి మెల్లగా తిప్పాలి. మధ్య మధ్య ఆపి బొటనవేలితో తడిమి చూడాలి. ఈ పనిలో నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుండేది: ఒకరు మొదలుపెట్టిన అద్దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. చెయ్యి మారితే ఒత్తిడి మారుతుంది. అంచు ఒకచోట లోతుగా, ఒకచోట మెరకగా తేలి, అద్దం ఫ్రేములో కూర్చోదు. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో తమ్ముడు కూడా వెనక్కి వచ్చి సాన పట్టేవాడు. కానీ అక్క సగం చేసి పెట్టిన అద్దం జోలికి ఏనాడూ పోలేదు. తర్వాత వచ్చిన కంప్యూటరు ఆట దగ్గర మాత్రం ఈ కట్టుబాటు ఇద్దరికీ గుర్తు రాలేదు.

బిల్లుల కోసమని తమ్ముడు ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. పాతవాళ్ళు తీయకుండా వదిలేసిన ఆట ఒకటి అందులో ఉంది. మంత్రాలూ యంత్రాలూ రెండూ ఉన్న లోకం అది. ఒక వీధిలో పొగగొట్టాలు, పక్క వీధిలో మంత్రగాళ్ళ బడి. రెండింటికీ పడదు. మంత్రం నేర్చినవాడు దగ్గరికొస్తే గడియారాలు ఆగిపోతాయి, ఆవిరి పడవ నడవనని మొరాయిస్తుంది. యంత్రాలు నమ్ముకున్నవాడికి ఎంత మంచి మంత్రం వేసినా ఒంటికి పట్టదు, వాడు వేసిన మంత్రమూ పని చెయ్యదు. మనిషి ఎటు మొగ్గాడో చూపించడానికి తెర మూల ఒక సూది ఉండేది. ఇక కథ ఇటే వెళ్ళాలని నియమం లేదు. ఏ తలుపైనా తట్టొచ్చు. లోకాన్ని కాపాడే పని పక్కన పెట్టి హాయిగా చేపలు పట్టుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షట్టరు సగం దించి ఇద్దరూ ఆ ఆట ముందు చేరేవాళ్ళు. అప్పుడు మాత్రం అక్క ముందు గదిలోకి వచ్చి ఆ తిరిగే కుర్చీలో కూర్చునేది.

ఇద్దరికీ కలిపి ఒక్కడే మనిషి. వాడికి పెట్టిన పేరు మనోడు. కొత్త ఆట అనే బొత్తాం ఒకటుందని వాళ్ళకి తెలుసు. నొక్కితే పాతవాడు చెరిగిపోతాడని భయం. వాడితో పాటు దుకాణం బిల్లులు కూడా కొట్టుకుపోతాయని తమ్ముడికి ఇంకో భయం. అందుకని ఒకే మనోణ్ణి వంతులేసుకుని పెంచారు. తమ్ముడు వాడికి కండలు పెంచి, తుపాకులు చెయ్యడం నేర్పాడు. అక్క గాయాలు మాన్పే మంత్రం నేర్పి, మాట చాతుర్యం నేర్పింది. సూది ఎప్పుడూ నడిమధ్యనే కొట్టుకునేది.

ఆ ఆటలో ఒకటి పెంచాలంటే ఇంకోటి తగ్గించాలి. మొదట్లో కండల కోసం తమ్ముడు వాడి తెలివిని బాగా కోసేశాడు. దాంతో మనోడు నోరు విప్పితే ఘోరంగా ఉండేది. అక్క తెర మీది మాటల్ని మన మాటల్లోకి మార్చి పైకి చదివేది.

"నగరపాలకుడు ఏమంటున్నాడంటే, మహాశయా, తమరి రాకకు కారణమేమి? దానికి మనోడి జవాబు చూడు: నేను ఆకలి. నువ్వు పెద్ద టోపీ."

"వాడు మనోడేనక్కా, అనుమానం లేదు. అచ్చం మన పెదనాన్న."

అక్క పట్టుబట్టి వాడికి మాట నేర్పింది. తర్వాత్తర్వాత మనోడు మాటలతోనే వంతెన దొంగల్ని పక్కకి తప్పించాడు. అలిగి పుట్టింటికి పోయిన కమ్మరి భార్యని తిరిగి తీసుకొచ్చాడు. ఎవరితో మాట్లాడినా తెర కింద నాలుగు జవాబులు వచ్చేవి. ఏది చెప్పాలో అక్క తీరిగ్గా ఎంచుకునేది. ఎదుటి మనిషి కదలకుండా నిలబడి ఉండేవాడు. ఎంతసేపైనా ఆమె బదులు మాట అందించేవాడు కాదు.

"ఇంకా ఎంతసేపక్కా? పాపం, కమ్మరికి కాళ్ళు లాగుతుంటాయి."

"నిలబడనీ. వాడికేం పనుంది?"

అలా వానలు మొదలై వెనకపట్టేదాకా ఆడారు. ఆ రోజులు తలుచుకుంటే అక్కకి ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది షట్టరు కింద నుంచి కౌంటరు కాళ్ళ దాకా వచ్చి ఆగే వెలుతురు, వెనక నిలబడి తొందరపెట్టే తమ్ముడు.

తమ్ముడు నిలబడే ఆడేవాడు. నడుం నొప్పి వల్ల కూర్చోలేకపోయేవాడు. చివరికి డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగకూడదన్నాడు. ఆ సంగతి పక్కనున్న ఫోన్ల షాపాయన చెవిన పడింది. ఆయన షాపు ఇరుకు. ముందు గది తనకి అద్దెకివ్వమని అడిగాడు. తమ్ముడు ఆలోచించి చెబుతానన్నాడు. ముందు గది పోతే దుకాణమే పోయినట్టు. ఒకసారి ఫోన్లు చేరాక అక్కడికి కళ్ళజోళ్ళు తిరిగి రావు. ఇది అక్కకి తెలుసు. ఇవ్వొద్దని చెప్పాలని ఆమెకి నోటి దాకా వచ్చేది. ఇవ్వకపోతే ఆ కుర్చీలో కూర్చోవలసింది తనే. అందుకే ఏమీ అనకుండా వెనక గదిలోకి వెళ్ళి అద్దం తీసుకునేది.

ఆపరేషన్ ఇంకో వారం ఉందనగా పడవాయన చచ్చిపోయాడు.

పడవాయనంటే ఆటలో మొదటి ఊరి నుంచీ మనోడి వెంట నడిచిన ముసలాయన. ఆ మధ్యాహ్నం మనోడు విసిరిన బాంబు గురితప్పి ఆయన పక్కనే పడింది.

"మంత్రం వెయ్యక్కా, ఏం చూస్తున్నావ్?"

"వేశా. పని చెయ్యట్లేదు."

"మళ్ళీ వెయ్యి."

"వేస్తూనే ఉన్నా. నిన్న ఏం నేర్పావురా వీడికి?"

తమ్ముడు గాజు బీరువా వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నా."

"బాంబులు," అన్నాడు. "కొంచెమే."

"కొంచెమా? సూది ఎక్కడికి పోయిందో చూడు. వీడి ఒంట్లో ఇప్పుడు ఇనుము తప్ప ఏం లేదు. ఇక వీడు మంత్రమేస్తే ఎవరికి నయమవుతుంది?"

పడవాయన నేల మీద పక్కకి ఒరిగాడు. కాసేపటికి ఆయన పేరు తెర మీంచి పోయింది.

"ఆటే కదక్కా."

"ఆటే అయితే నాకు చెప్పకుండా ఎందుకు నేర్పావు?"

"చెప్తే ఒప్పుకుంటావా? నీ చేతిలో పెడితే వాడు చుట్టాలింటికి వెళ్ళినట్టు ఇంటింటికీ పోయి బాగోగులు అడుగుతాడు. ఎవడైనా మీద పడితే చేతిలో పుల్ల కూడా ఉండదు."

"మాట్లాడితే ఎంతమంది పక్కకి తప్పుకున్నారో నువ్వు చూడలేదా?"

"చూశా. అక్కడ ఊరంతా తిరిగి అందరితో మాట్లాడతావు. ఇక్కడ గుమ్మంలో మనిషి నీడ పడితే కర్టెన్ వెనక్కి పోతావు. నేను మంచమెక్కితే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? మనోడా?"

అక్క కుర్చీలోంచి లేవలేదు. తమ్ముడు నడుం మీద చెయ్యి వేసుకుని గోడ వైపు తిరిగాడు. అన్నది ఎక్కువైందని అతనికి తెలుస్తూనే ఉంది. వెనక్కి తీసుకోవడమే చేతకాలేదు.

అదే సమయానికి ఫోన్ల షాపాయన షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏంటన్నా, ఎవరికైనా బాగోలేదా?"

"పడవాయన పోయాడు," అన్నాడు తమ్ముడు.

"అయ్యయ్యో. ఎవరి తరఫు?"

"ఆటలో."

ఆయనకి నవ్వాలో వద్దో తెలియలేదు. కౌంటరు మీద వాలి తెరలోకి చూశాడు. "ఇద్దరూ కలిసి ఒక్కణ్ణే ఆడిస్తున్నారా? ఎందుకండీ బాధ? చెరొకణ్ణి పెట్టుకోవచ్చు కదా. ఇదిగో, ఇది నొక్కితే..."

"నొక్కకు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

అప్పటికే నొక్కేశాడు. ఏమీ చెరగలేదు. కొత్తవాడు ఎలా ఉండాలని ఆట అడుగుతోంది. కొత్తవాణ్ణి మూసేస్తే పాత మనోడు రేవులో నిలబడే ఉన్నాడు. తమ్ముడు బిల్లులు తెరిచి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

"ఎంతమందినైనా పెట్టుకోవచ్చు," అన్నాడు ఫోన్ల షాపాయన. "మీకు తెలీదా?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క పెదవి కొరుక్కుంటోంది. ముందు ఎవరు నవ్వారో తెలియదు. తమ్ముడు నవ్వలేక నడుం పట్టుకుని కౌంటరు మీదికి వంగిపోయాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పడవాయన కోసమో, ఇంతకాలం ఒకణ్ణే ఇద్దరూ చెరోపక్కకి లాగినందుకో ఆమెకే తెలియాలి.

నవ్వులయ్యాక ఫోన్ల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "మరి ఈ గది సంగతి ఏం చేశారన్నా?"

తమ్ముడు నోరు తెరిచాడు. అక్క చెయ్యెత్తింది. ఆమె మాట మొదలుపెట్టబోయింది, అది అక్కడే ఆగిపోయింది. మెడ నరం బిగిసింది. ఫోన్ల షాపాయన మంచివాడు. ఆమె అవస్థ చూడలేక ఏదో అందించబోయాడు. తమ్ముడు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ముగ్గురూ అలాగే ఉన్నారు. బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"గ... గది ఎవరికీ ఇవ్వం," అంది అక్క. కాస్త ఊపిరి తీసుకుని, "నేను కూర్చుంటా," అంది.

తమ్ముడికి ఆపరేషన్ అయ్యాక మొదటి రోజుల్లో అక్క ఎవరైనా వస్తున్నారంటే లేచి కర్టెన్ దాకా వెళ్ళి, అక్కడ ఆగి, తిరిగి వచ్చి కూర్చునేది. కొందరు తమ్ముడు లేడని తెలిసి వెనక్కి పోయారు. ఒకావిడ మాటలన్నీ తనే అందించి, తనకి అక్కర్లేని ఫ్రేము కొనుక్కుని వెళ్ళింది. మర్నాడు తిరిగిచ్చింది.

మధ్యాహ్నం అక్క ఒక్కతే ఆడేది. తన కోసం ఒక మంత్రగత్తెని పెట్టుకుంది. సూది మంత్రాల చివరనే నిలిచింది, ఎవరికి ఏ దెబ్బ తగిలినా చిటికెలో మానిపోయేది. ఆ పిల్ల మనోడి కన్నా తొందరగా ఊళ్ళు దాటింది. అక్క ఆమెని రెండో వారానికే వదిలేసి మళ్ళీ మనోణ్ణి తెరిచింది. వాడి తుపాకీ సగం పేలేది, మంత్రం సగం పట్టేది. ఏ వీధి చూసినా అక్కడ ఇద్దరూ దేని గురించి పోట్లాడుకున్నారో గుర్తుండేది.

తమ్ముడు మంచం మీంచి రోజూ దుకాణానికి ఫోను చేసేవాడు.

"ఇవాళ ఎక్కడున్నాడు?"

"కొండ మీద. మంచు పడుతోంది."

"నా తుపాకీ అమ్మకు."

"అమ్మేశా."

"అక్కా!"

"అమ్మలేదులేరా. నడుం ఎలా ఉంది?"

"ఉంది. బేరాలు వస్తున్నాయా?"

"పొద్దున బస్సు డ్రైవరు వచ్చాడు. జోడు తీసి కౌంటరు మీద పెట్టాడు. నాకు మాట రావడానికి చాలాసేపు పట్టింది."

"కోప్పడ్డాడా?"

"జోడు నా చేతిలో ఉంటే ఎక్కడికి పోతాడు? కూర్చున్నాడు. మంచి మనిషి. ఉండు, ఎవరో వచ్చారు."

అక్క ఫోను పెట్టెయ్యలేదు. రిసీవరు కౌంటరు మీద ఆన్చిన చప్పుడు తమ్ముడికి వినిపించింది. కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది. ఎవరో మగమనిషి దగ్గి, "చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయమ్మా," అన్నాడు. తర్వాత ఏమీ వినిపించలేదు. తమ్ముడు ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. అక్క చెప్పబోయే మాట ఏమై ఉంటుందో అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళుగా అతనే అంటున్న మాట. పెదాల మీదికి వచ్చేసింది కూడా. పెదాలు బిగించి దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"కు... కుర్చీ లాక్కోండి," అంది అక్క గొంతు, దూరంగా, తీరిగ్గా. "ఎడమ కన్ను మూసుకుని పై వరస నుంచి చదవండి. తొందరేం లేదు."