సుహాసిని ఎంచుకున్న కొండ

బల్మూర్ గుట్ట మీదికి సుహాసిని రోజూ పొద్దున్నే ఇసుక సంచి వీపుకు కట్టుకుని ఎక్కుతుంది. డిగ్రీ చదివే పిల్ల. పైకి చేరగానే అందరిలా ఆకాశం చూడదు. నడుం మీద చేతులు పెట్టుకుని, దిగే దారి చూస్తుంది. హిమాలయాలకు మొదటిసారి పోవడానికి కూడా అలాగే ఎంచుకుంది: తాళ్లతో పనిలేని, తన ఊపిరికి అందే ఒక చిన్న శిఖరం. అది క్షేమంగా దిగొస్తే, వచ్చే ఏడు ఇంకొంచెం పెద్దది.

ఎక్కేవాళ్లకంటే ఎక్కించేవాళ్లకే ఎంత తొందరో! ఖర్చు పెట్టుకుంటానన్న యువజన సంఘం నాయకుడు భానుప్రకాశ్, ఇంకా బస్సే ఎక్కని పిల్లకు బస్టాండు ముందు అభినందనల ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆమె వెనక ఎవరెస్టు. ఆమెకంటే పెద్దగా ఆయన మొహం.

"గా చిన్న కొండ పేరు ఎవలకు తెలుసు చెల్లె? జర పెద్దది చూసుకో," అన్నాడు.

సుహాసిని మొహం ఎర్రబడింది. "పేరు నీకు గావాలె, పానం నాకు గావాలె అన్నా. సచ్చి ఫోటోల ఉండనీకి పోతలేను. నీ పైసలు నువ్వే ఉంచుకో!"

పక్క దుకాణంలో కత్తి అడిగి, తనే స్తంభమెక్కి ఫ్లెక్సీ తాళ్లు కోసి, చుట్టి ఇంటికి పట్టుకుపోయింది.

మర్నాడు మళ్లీ గుట్టెక్కి, దిగే దారి చూసింది. కింద వాళ్ల మిద్దె మీద, ఎవరెస్టు మీదా భానుప్రకాశ్ మొహం మీదా కలిపి, వాళ్లమ్మ పల్లికాయ ఎండబోస్తోంది.