అవిట్టం నాటి తలుపు

నిన్న పక్కింటి మలయాళీ ఆవిడ, మేం చేచి అంటాం, అంటే అక్క, కొత్త క్యాలెండరు తెచ్చి, మా వంటింటి ప్రెస్ తలుపుకు, అదే, అలమర తలుపుకు, తనే తగిలించి వెళ్ళింది. నాకు మలయాళం రాదు. తెలుగు అక్షరాలే యాభై దాటాక మా ఆయన పక్కన కూర్చోబెట్టుకుని దిద్దిస్తే వచ్చాయి. అయినా ఆ గళ్ళలో ఒక్క మాటను మాత్రం వేలు పెట్టి చూపించగలను. అవిట్టం. మన ధనిష్ఠా నక్షత్రానికి వాళ్ళ పేరు.

ఐర్లండులోని ఈ నేస్ ఊళ్ళో, మా అమ్మాయి అద్దెకుండే ఈ ఇంట్లోనే, మొదటి లాక్‌డౌన్‌లో, మేడమీద గదిలో ఆయన పోయారు. కరోనా కాదు, గుండె. టీ చల్లారుతోందని పిలవడానికి వెళ్తే లేవలేదు. ఈ దేశపు మాటల్లో ఆయనకు వచ్చింది 'గ్రాండ్' ఒక్కటే, బాగుందనడానికి ఇక్కడివాళ్ళు అనే మాట. ఒంట్లో ఎలా ఉందని జీపీ డాక్టరు అడిగినా, పులుసులో ఉప్పు సరిపోయిందా అని నేనడిగినా అదే జవాబు. కర్మకాండ ఎలాగని తలలు పట్టుకున్న వేళ మరిది ఫోన్ చేశాడు. "వదినా, అన్నయ్య పోయింది ధనిష్ఠలో. ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి. లేకపోతే ఇంటికి కీడు." మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "ఎక్కడికెళ్తాం బాబాయ్? లీజ్ మధ్యలో ఇంకో ఇల్లు ఎవరిస్తారు? రోడ్డెక్కితే గార్డ్స్, ఇక్కడి పోలీసులు, ఆపుతున్నారు." చివరికి ఆ గది ఒక్కదానికే తాళం వేశాం. మెట్లెక్కినప్పుడల్లా లోపల మంచం కిర్రుమన్నట్టుండేది. మనవరాలు తన ఇంగ్లీషు యాసలో అడిగింది, "అమ్మమ్మా, తాతయ్యని లోపల పెట్టి తాళం వేశామా, బయట పెట్టా?" ఇంటి కీడు సంగతి ఆ పూటే మరిచిపోయాను. ఆయనకు తన గది లేకుండా చేశామేమోనన్న దిగులే మిగిలింది.

చేచి హైదరాబాదు ఆసుపత్రిలో చాలాకాలం నర్సుగా చేసింది కాబట్టి తెలుగు వచ్చు. కర్కిటకం వాళ్ళకు వానల నెల, ఐర్లండులో ఏడాదంతా కర్కిటకమే అని నవ్వేది. నిజంగా కర్కిటకం వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం, కంచె మీద గిన్నె పెట్టి వెనక్కి జరిగింది.

"పాయసం. మా మనవడి పుట్టినరోజు."

"మొన్ననే కేక్ కోశారు గదా?"

"అది పాస్‌పోర్ట్‌కి. మాకు నెల, నక్షత్రం కలవాలి. ఈరోజు అవిట్టం. మీ ధనిష్ఠ."

గిన్నె అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది. "ఆ నక్షత్రంలో పోయారనే గది మూశాం, చేచీ."

"అందులో పోతే మాకూ భయమే, పూజలు చేయిస్తాం. కానీ నక్షత్రం ఏం చేస్తుంది, పాపం? ఒకర్ని తెస్తుంది, ఒకర్ని తీసుకెళ్తుంది. పో, చల్లారుతుంది."

ఆరు నెలలు నిండలేదు. అయినా పైకి వెళ్ళి తాళం తీశాను. దిండు మీద తల పెట్టిన పల్లం అలాగే ఉంది. పాయసం కిటికీ దగ్గర పెట్టి, ఎలా ఉన్నారని అడగబోయి ఆగాను. ఆ ఒక్క మాటా వినబడుతుందేమోనని భయం, వినబడదేమోననీ భయం.

ఇప్పుడా గదిలో మనవరాలు చదువుకుంటుంది. అవిట్టం రోజున మాత్రం తలుపు ఓరగా ఉంచమంటాను. "గ్రాండ్, అమ్మమ్మా" అంటుంది, తల ఎత్తకుండా, అచ్చం ఆయనలాగే. ఆయన తిథి ఏడాదికొకసారి వచ్చి, పెట్టింది తిని వెళ్ళిపోతుంది. నక్షత్రం నెలనెలా వస్తుంది. కాలం వెళ్ళిపోతుందంటారు గానీ, నాకు వినబడేది ఎప్పుడూ అది మెట్లెక్కి వచ్చే చప్పుడే.