బావ ఆడితే వినాలి

మా బావ వీడియో గేములు చేత్తో కాదు, నోటితో ఆడతాడు. తెర మీద ఏం జరుగుతోందో, దాని మీద తన అభిప్రాయమేమిటో ఎప్పటికప్పుడు గొంతెత్తి చెప్పకపోతే ఆయన బొటనవేళ్ళు కదలవు. మాట ముందు, తూటా తర్వాత. ఈ రెంటికీ మధ్య ఆయన చచ్చిపోవడం మామూలే.

వృత్తి లిఫ్టు మెకానిక్కు. యుద్ధరంగాన్ని కూడా మరమ్మతుకి పిలిచిన భవనంలాగే చూస్తాడు. ఈ మధ్య వచ్చిన ఓ షూటింగ్ గేములో తుపాకులు అద్భుతమని లోకమంతా అంటోంది. బావ ఇంకా తుపాకుల దాకా రాలేదు.

"ఇదేం లిఫ్టయ్యా! తలుపు పడకముందే పైకి పోతోంది. లోపల లైటు లేదు. ఇంత సైన్యాన్ని పెట్టుకున్నారు, ఒక్క మెకానిక్కుని పెట్టుకోలేకపోయారా?"

"బావా, వెనక!" అని అరిచాను.

"వెనక గోడకి మాత్రం రంగు బాగా వేశారు. లేత ఆకుపచ్చ. మన వంటింటికి వేయిద్దామనుకున్నామే, అదే."

ఆ లేత ఆకుపచ్చ గోడ ముందే ఆయన ప్రాణం పోయింది.

మంచుకొండల్లో జరిగే ఆట ఇంకొకటి ఉంది. దాని మీదా ఆయనకు గట్టి అభిప్రాయమే. "మంచు బ్రహ్మాండంగా ఉంది, నడుస్తుంటే అడుగులు పడుతున్నాయి. కానీ పాపం, వీడికి స్వెట్టరు లేదు. చూస్తుంటే నాకే వణుకొస్తోంది." స్వెట్టరు లేని ఆ పాపం మనిషి శత్రువు. బావ జాలిపడటం ముగించేలోగా అతను బావను ముగించాడు.

ఇక వ్యూహాల ఆటలు. అందులో ఊళ్ళు కట్టి, సైన్యం పెంచి, పక్క రాజ్యం మీద పడాలి. బావ పడడు. పొలాల వెంట షికారు చేస్తాడు. "గోధుమ చేను కోతకొచ్చింది. కాలువ గట్టున కొత్త ఇల్లు లేచింది. చిమ్నీలోంచి పొగ కూడా వస్తోంది, వంట మొదలెట్టినట్టున్నారు." కాసేపటికి పక్క రాజు వచ్చి ఆ ఇంటికి నిప్పు పెట్టాడు. "ఇప్పుడు పొగ ఇంకా బాగా వస్తోంది" అన్నాడు బావ, అదే గొంతుతో.

ఇదంతా జరిగేది వాళ్ళ ముందుగదిలో. ఒక గోడకు టీవీ. ఎదుటి గోడకు కిటికీ, దాని కింద మా అక్క కుట్టుమిషను. అక్క ఓ రెడీమేడ్ బట్టల షాపుకి ఆల్టరేషన్లు చేసిపెడుతుంది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, అలాంటి పని. వెలుతురు కోసం కిటికీకి ఎదురుగా కూర్చుంటుంది కాబట్టి టీవీ ఆమె వీపు వెనక ఉంటుంది. మిషను మోతకు బావ వాగుడు తోడైతే ఆ గదిలో చెవులు గింగురుమంటాయి. అక్క ఎలా భరిస్తోందో అని జాలిపడేవాణ్ణి.

అలా ఉండగా మా అపార్ట్‌మెంట్ల సంఘం గేముల పోటీ పెట్టింది. జట్టుకి ముగ్గురు. నేను, బావ, పై అంతస్తు పళ్ళ డాక్టరుగారు ఓ జట్టయ్యాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఒక్క కప్పు గెలిచినవాణ్ణి కాదు. బడిలో గోనెసంచుల పందెంలో కూడా సంచే నాకంటే ముందు వెళ్ళింది. అలాంటిది డాక్టరుగారి పుణ్యమా అని ఫైనల్‌కి వచ్చాం. షెల్ఫులో కప్పు పెట్టడానికి చోటు కూడా ఖాళీ చేశాను.

ఒకటే చిక్కు. ఆ ఆటలో శత్రువు దగ్గర్లో ఉంటే మన మాటలు అతనికీ వినిపిస్తాయి. మైకు ఆపేద్దామా అంటే పై అంతస్తులోని డాక్టరుగారికి వినిపించవు. సెమీఫైనల్లో బావ మెట్ల కింద దాక్కుని, "ఈ మూలన బూజు కూడా గీశాడు, మహానుభావుడు!" అని మెచ్చుకోగానే బాంబొకటి వచ్చి ఆ బూజు దులిపేసింది.

అందుకని ఫైనల్ ముందు, మిషను మోతలో బావ చెవి దగ్గర చేరి, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "బావా, ఈ ఒక్క ఆటకి నోటికి తాళం వెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

బావ ఓసారి అక్క వీపు వైపు చూశాడు. "ఆటంతానా?"

"ఆటంతా."

"సరేలే, నీ ముచ్చట కాదనడమెందుకు."

నోరు మూసుకున్న బావ ఎంత ప్రమాదకరమైన మనిషో ఆ ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. అవతలి జట్టులో ఇద్దర్ని చడీచప్పుడు లేకుండా కూల్చేశాడు. "ఆడుతున్నది మీ బావగారేనా?" అని డాక్టరుగారు మైకులో అనుమానపడ్డారు. చివరికి నేనూ డాక్టరుగారూ పోయాం. ఇటు బావ ఒక్కడు, అటు ఒక్కడు. అటువాడు బావ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. మీట నొక్కితే చాలు, కప్పు నాది.

మిషను ఆగిపోయింది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అక్క గొంతులో కంగారు. "అసలు మాటే లేదేం? మనం ఎక్కడున్నాం?"

నేను పెదాల మీద వేలు పెట్టుకుని బావను కళ్ళతోనే బతిమాలాను. బావ నన్ను చూశాడు. అక్కను చూశాడు.

"నాకేం కాలేదే, బానే ఉన్నా. పాత ఫ్యాక్టరీలో ఉన్నాం. పైన రేకులకి చిల్లులు, వాటిలోంచి ఎండ కింద బిళ్ళలు బిళ్ళలుగా పడుతోంది. భలే గీశారు. ఎదురుగా ఒకడు మనకి వీపు పెట్టి నిలబడ్డాడు..."

ఆ ఒకడు గిర్రున తిరిగాడు.

"తిరిగాడు. గడ్డం బాగా పెట్టారు వీడికి" అన్నాడు బావ. అదే ఆయన ఆఖరి మాట.

"పోయామా?" అంది అక్క.

"పోయాం."

"పోనీలెండి." మిషను మళ్ళీ మొదలైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చేతిదాకా వచ్చిన కప్పు బావా! ఒక్క క్షణం ఆగి చెప్తే ఏం పోయేది?"

"కంగారుపడుతోంది కదరా" అన్నాడు బావ. "పెళ్ళైన కొత్తలో ఇద్దరం కలిసే ఆడేవాళ్ళం. నాకంటే మీ అక్కే గురి చూసి కొట్టేది. ఈ పని పెట్టుకున్నాక తలెత్తే తీరికెక్కడిది? నేను నోరు మూసుకుని ఆడుకుంటే తను అక్కడ ఒక్కతే కుట్టుకుంటున్నట్టే కదా." ఆ మాట అనేసి, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఇద్దరి మీదా ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. ఏదో ఒకటి చేసేయాలనిపించి, వెళ్ళి మిషను బల్ల పట్టుకున్నాను.

"అక్కా, దీన్ని టీవీ వైపు తిప్పేద్దాం. వెలుతురికి మంచి దీపం నేను తెచ్చిపెడతాను. కుడుతూనే ఎప్పుడు కావాలంటే అప్పుడు నువ్వే చూసుకోవచ్చు."

అక్క వంటింటి వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది.

"దాని జోలికి వెళ్ళకు. మొన్న ఆయన ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్తే, వెనక్కి తిరిగి చూశాను ఆ ఆట."

"చూసి?"

"ఆయన చెప్పినంత బాగాలేదురా."