బొట్టుకు మూత మీద చోటు

జర దగ్గరికి జరిగి కూర్చోండి, వానాకాలం ముచ్చట ఒకటి చెబుతాను.

అప్పుడు నేను మంథనిలో మోటార్ వైండింగ్ పని చేసేదాన్ని. పొలాల మోటార్లు కాలిపోతే రాగి తీగ మళ్లీ చుట్టి ఇవ్వడం నా పని. ఆ ఏడు గోదావరి ఊళ్ల మీదికొచ్చి ఫోన్లు పనిచేయలేదు. మా వీధిలోని సత్తయ్య సారు బడిపంతులు, ఇంట్లోంచే రేడియో సెట్టుతో దూరపు ఊళ్లతో మాట్లాడే, లైసెన్సున్న హామ్ రేడియో మనిషి. ఏ ఊరికి పడవ కావాలో కరీంనగర్‌కు రేడియోలో చెప్పే బాధ్యత ఆయన మీద పడింది. ఆయన చిన్న సెట్టు మాట ఉరుముల గరగరలో అటువైపు వినబడలేదు. మాటకు బలమిచ్చే యాంప్లిఫయర్‌ను జనరేటర్ మీద ఆన్ చేస్తే లోపల టప్‌మని నీలం మెరుపు వచ్చింది. దాని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది నేనే కాబట్టి నన్ను పిలిపించాడు.

ఆ డబ్బాలో వేల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. సారు ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, ఎర్త్ తీగ కట్టిన కర్రను తాకించి ఆ నిలిచిన కరెంటును నేలలోకి దించాడు. అప్పుడు మూత తీశాం.

ట్యూనింగ్ రేకుల మీద, వాటిని మోసే పింగాణీ ముక్క మీద పసుపు, కుంకుమ, కర్పూరం మసి. సారు తల్లి రాజవ్వది నేత కుటుంబం. మగ్గంలో ప్రతి భాగానికీ బొట్టు పెట్టినట్టే పోయిన దసరాకు దీనికీ మూత తీసి పూజ చేసింది. ఆ తర్వాత దాని అవసరం పడలేదు. వాన తేమకు ఆ పొడి నాని, కరెంటు దాని మీదుగా దూకింది. దూకిన చోట బొగ్గు గీత పడింది. దాన్ని తీయకపోతే మళ్లీ అక్కడే దూకుతుంది, చివరికి మాటకు బలమిచ్చే గాజు వాల్వు పోతుంది.

సారు ఒక్కచోట నిలవలేకపోతున్నాడు. "అక్కా, నీళ్లల్ల మనుషులున్నరు. తుడిచి ఆన్ చేద్దాం."

"వాల్వు పోతే ఇంకోటి తెచ్చేటందుకు రోడ్డు లేదు సారూ. ఆగుండ్రి."

బొగ్గు గీతను సన్న గరుకు కాగితంతో గీకి, స్పిరిట్ గుడ్డతో తుడిచాను. వంగిన రేకుల మధ్య ఎడం సరిచేశాను. టంకం మొనలా లేచిన చోట నున్నగా చేశాను, మొన ఉంటే కరెంటు అక్కడినుంచే దూకుతుంది. తర్వాత బల్బు వేడికి ఆరబెట్టాం.

రాజవ్వ గడపలో కూర్చుని అంతా చూస్తోంది. "నా పూజనే గింత పని చేసిందా బిడ్డా? మగ్గానికి ఎన్నేండ్లు పెట్టిన, ఒక్కనాడు ఏమనలే."

"మగ్గం కరవదవ్వా. గిది కరుస్తది. నీ చెయ్యి లోపల పడ్డనాడు కరెంటు లేకుండె, బతికినవు."

సారు ముఖం అప్పుడు మారింది. తల్లి చేతి వైపు చూశాడు.

మూత వేసి, ఏరియల్ తీగ బిగించి, తక్కువ పవర్‌లో ట్యూన్ చేసి, మెల్లగా పెంచాడు. మెరుపు రాలేదు. కరీంనగర్ గొంతు బదులిచ్చింది. ఆయన ఊళ్ల పేర్లు చదువుతుంటే అటువైపు ఒక్కొక్కటే తిరిగి పలికారు. పొద్దుగూకేలోపు పడవలు చేరాయి.

ఆ తర్వాత నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి మోటార్ స్టార్టర్ డబ్బా మూత మీద ఎర్ర రంగుతో బొట్టంత గుండ్రం గీసి ఇచ్చాను. ఇంటివాళ్ల అలవాటును మానమంటే మానరు, దానికి మూత బయట చోటు చూపాలి. అదీ మా పనిలో భాగమేనని తెలిసింది.

మీ ఇంట్లో ఎవరూ ఎవరికోసమూ భయంతో ఎదురుచూడకుండా, అందరూ ఒక్క దగ్గర కూర్చుని వేడి బువ్వ తినేట్టు చల్లగా ఉండండి.